పాతర తీసినోళ్ళు

మా ఇంట్లో అన్నం తింటూ రాజుల ఇళ్ళు చూసేవాళ్ళం. నా ఫోన్‌లోనే లెండి. ఒకసారి ఒక వీడియో నొక్కితే ఆ ఫోన్ మనల్ని వదలదు కదా, రోజుకొక ప్యాలెస్ తెచ్చి ముందు పెట్టేది. లండన్‌లో రాజుగారి ఇల్లు, రాజస్థాన్‌లో నీళ్ళ మధ్య కట్టిన ఇల్లు, ఏదో ఎడారి దేశంలో బంగారు కుళాయిలున్న ఇల్లు. ఎవరు కట్టారు, ఎన్ని గదులున్నాయి, లోపల ఎవరు చచ్చిపోయారు, చివరికి అంచనా విలువ ఎన్ని వేల కోట్లు. విలువ చెప్పే ముందు వెనకాల డప్పు కొట్టినట్టు ఒక మోత వచ్చేది. ఆ మోతకి మా నాయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయేది. అంతా అయ్యాక ఒకటే మాట అనేవాడు.

"మన దివాణం గురించి చెప్పలేదే?"

అమ్మ నవ్వేది. "చెప్తార్లే. గబ్బిలాలు ఎన్ని ఉండాయో లెక్క తేలినాక చెప్తారు."

మన దివాణం అంటే మాది అనుకునేరు. మాది కాదు. మార్కాపురం నుంచి గిద్దలూరు పోయే దారిలో, మెయిన్ రోడ్డు వదిలి కొండల వైపు తిరిగితే మా ఊరు. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల పల్లెలన్నీ ఏలిన పాళెగాళ్ళ ఇల్లు అక్కడ ఉండేది. రాజులు కట్టుకున్న ఇల్లు కాబట్టి ఊళ్ళో అందరూ దివాణం అంటారు. చుట్టూ రాతిగోడ, ముందు పెద్ద వాకిలి, వాకిలికి రెండు పక్కలా రెండు గదులు. ఎడమచేతి గది కూలిపోయింది. కుడిచేతి గదిలో మేముండేవాళ్ళం. దొరల కుటుంబం హైదరాబాదులో స్థిరపడి చాలా కాలమైంది. నాయన కాపలా. జీతం అంటూ ఏమీ లేదు, ఉండటానికి గది ఇచ్చారు, అంతే. పగలు నాయనా అమ్మా కూలికి పోయేవాళ్ళు. నేను పదో తరగతి అయ్యాక వాళ్ళతోపాటే పోయేదాన్ని.

ఆ గదికి కాగితం లేదు. కరెంటు మీటరు కూడా దొరల పేరు మీదే. పెద్దదొర పోయే ముందు నాయనను పిలిచి, నువ్వున్నన్ని రోజులూ ఆ గది నీదే అన్నాడట. ఆ మాట తెలిసినవాళ్ళు ఇద్దరే, చెప్పినాయన పోయాడు, విన్నాయన మా నాయన. కాబట్టి దొరలకు నాయన మీద నమ్మకం ఉన్నన్నాళ్ళూ మాకు ఇల్లుంది. ఈ సంగతి మా ముగ్గురికీ తెలుసు, ఎప్పుడూ అనుకునేవాళ్ళం కాదు.

వీడియోలు తీసే అబ్బాయి మా ఊరికి వచ్చింది ఎండలు ముదరక ముందు. సముద్రం వైపు పిల్లోడు, మాటలోనే తెలిసిపోయింది. పాత కోటలు, రాజుల ఇళ్ళు వెతుక్కుంటూ బండి మీద తిరుగుతున్నానన్నాడు. నా ప్రాణం లేచివచ్చింది. లోపలికి పరుగెత్తి, నాయనా, వచ్చినారు, మన దివాణం దగ్గరికి వచ్చినారు అని చెప్పాను. నాయన ఆదివారం ప్రార్థనకు వేసుకునే తెల్లచొక్కా తీసి తొడుక్కున్నాడు. ఆ అబ్బాయి చొక్కా గుండీకి చిన్న మైకు తగిలిస్తుంటే చక్కిలిగింతలు పుట్టినట్టు నవ్వాడు. నాయన అట్లా నవ్వడం నేను ఎక్కువ చూడలేదు.

చాలా బాగా చెప్పాడు. పాళెగాళ్ళు ఎట్లా వచ్చారు, తెల్లోళ్ళు పల్లెలు గుంజుకుని నెలకింత అని చేతిలో పెడితే పెద్దాయన ఆ డబ్బు బావిలో వేశాడని, గోడలకు సున్నంలో బెల్లం నీళ్ళు కలిపారని. నిజమో అబద్ధమో మాకు తెలియదు. నాయన తన నాయన దగ్గర విన్నాడు, నేను నాయన దగ్గర విన్నాను. ఆ అబ్బాయి తల ఊపుతూనే, లోపల ఏముంది తాతా, అసలైనది చెప్పండి అని అడిగాడు. లోపలి సంగతి నాకు తెల్దు, బయటి సంగతి చెప్తా అన్నాడు నాయన. అక్కడే పాతర మాట వచ్చింది.

మా వైపు వాళ్ళకు పాతర అంటే చెప్పక్కర్లేదు. జొన్నలు దాచుకునే గొయ్యి. నేలలో మనిషి లోతుకు మించి తవ్వి, లోపల రాయి పేర్చి, గడ్డి పరిచి, జొన్నలు పోసి, పైన బండ వేసి మట్టితో మెత్తేసేవాళ్ళు. కరువొస్తే తీసేవాళ్ళు. తియ్యడం అంటే మాటలు కాదు. ఏళ్ళ తరబడి మూసిన గోతిలో గాలి చెడిపోయి ఉంటుంది. మూత తీసి, చాలాసేపు వదిలేసి, లాంతరు దించి, అది ఆరిపోకుండా ఉంటేనే మనిషి దిగాలి. తొందరపడి దిగినవాళ్ళు దిగినట్టే పడిపోయేవాళ్ళు. దివాణం వాకిట్లో అట్లాంటివి వరుసగా ఉండేవట. వాటిలో దిగే పని మా తాతది. అందుకే మా ఇంటి వాళ్ళను ఊళ్ళో పాతర తీసినోళ్ళు అంటారు. మాకు వేరే ఘనత ఏదీ లేదు. ఇది ఒక్కటే.

నాయన ఆ మైకులో అన్న మాటలు నాకు ఇప్పటికీ అక్షరం పొల్లు పోకుండా గుర్తున్నాయి. ఎన్నిసార్లు విన్నానో.

"ఈ వాకిట్లో పాతర్లు ఉండె నాయనా. ఎంత తీసినా తరిగేవి కాదంట. మా నాయనే దిగి తీసినాడు, ఇంకెవురికీ ధైర్యం చాలలే. ఒక్కటి మాత్రం తియ్యకుండానే ఉండిపాయె. అది మా గది కిందనే ఉండాలంటారు."

ఆ అబ్బాయి కళ్ళు పెద్దవి చేసుకున్నాడు. వాళ్ళ వైపు ధాన్యం గాదెల్లో, పురుల్లో పోసుకుంటారు. పాతర అంటే ఆ పిల్లోడికి పాతిపెట్టింది. అంటే లంకెబిందెలు.

నాలుగైదు రోజులకు వీడియో వచ్చింది. ముందు మా దివాణం, తర్వాత తెల్లచొక్కాలో మా నాయన, మీద ఎర్రటి అక్షరాలతో: తాత తీసిన పాతర, గది కింద ఇంకొకటి. చివర్లో అదే డప్పు మోత, అంచనా విలువ వందల కోట్లు. నాయన మూడుసార్లు పెట్టించుకుని చూశాడు. లండన్ రాజుగారికి వచ్చిన మోతే మన దివాణానికీ వచ్చిందని సంబరపడ్డాడు. నేనూ సంబరపడ్డాను, తెలిసిన వాళ్ళందరికీ పంపించాను. అమ్మ ఒక్కతే నవ్వలేదు.

"ఈ పిల్లోడు ఏంది, జొన్నల మాటే ఎత్తలే?" అంది.

నేను కింద కామెంటు పెట్టాను, పాతర అంటే మా వైపు జొన్నల గొయ్యి అండి, వేరే ఏం కాదండి అని. ఎవరో జవాబు పెట్టారు: చెప్పొద్దన్నారా అక్కా? దానికి ఎంతమంది నవ్వారో చెప్పలేను. ఆ అబ్బాయి నంబరు ఉంటే ఫోన్ చేసి చెప్పాను. అయ్యో అక్కా, జనానికి ఇట్లా చెప్తేనే చూస్తారు, మీకేం నష్టం అన్నాడు. మర్యాదగానే మాట్లాడాడు. తర్వాత ఫోన్ ఎత్తలేదు.

ఆ తర్వాత మేం ఎప్పటిలాగే మిరపకాయల కోతకు గుంటూరు వైపు పోయాం. మా వైపు వానలు లేని పల్లెల్లో సగం ఇళ్ళు ఆ రోజుల్లో తాళాలే. అర్ధవీడు, కొనకనమిట్ల వైపు నుంచి కూడా ఆటోలకు ఆటోలు వస్తారు. చేలల్లో పరదా గుడిసెలు వేసుకుని, చేతులు మండుతుంటే నూనె రాసుకుని, కాయ అయిపోయేదాకా అక్కడే. నాయన పోయే ముందు గదికి తాళం వేసి, రెండుసార్లు గుంజి చూశాడు.

తిరిగొచ్చినప్పుడు తాళం వేసింది వేసినట్టే ఉంది. తలుపు తీస్తే ఇల్లు లేదు. అంటే గోడలున్నాయి, కప్పు ఉంది, నేల లేదు. మంచం నిలబెట్టి గోడకు ఆనించి ఉంది. అమ్మ గిన్నెలన్నీ ఒక మూలకు తోసేశారు. గది నడుమ గొయ్యి. గొయ్యి పక్కన ఎండిపోయిన నిమ్మకాయలు, పసుపు, కుంకం, కోడి ఈకలు. వెనక తలుపు పాతకాలపుది, కింద రాతి గుంటలో తిరిగే రకం. పైకెత్తితే ఊడి వస్తుంది, మళ్ళీ దించితే కూర్చుంటుంది. అట్లా వచ్చి అట్లా పోయారు.

లాంతరు లేదు కాబట్టి నాయన కొవ్వొత్తి వెలిగించి, చాంతాడుకు కట్టిన బొక్కెనలో పెట్టి దించాడు. ఆరిపోలేదు. అప్పుడు దిగాడు. అడుగున పేర్చిన రాయి కనపడింది. రాయి మీద బొగ్గు లాంటి పొడి. నాయన గుప్పెడు తీసి పైకి అందిస్తే అమ్మ వాసన చూసింది.

"జొన్నలే," అంది. అని అక్కడే కూలబడి ఏడ్చింది.

తియ్యకుండా ఉండిపోయిన పాతర నిజంగానే మా గది కింద ఉంది. నాయన చెప్పింది అబద్ధం కాదు. ఎప్పటివో కరువు కోసం దాచిన జొన్నలు, ఏ కరువుకూ అందకుండా మట్టయిపోయాయి.

ఊళ్ళో ఎవరూ నమ్మలేదు. ఇది చెప్పడం కష్టం నాకు. దొంగలు వచ్చి మా ఇంట్లో తవ్వారు అని మేం చెప్పుకోవాలి కదా, మాకు నష్టం జరిగింది కదా. మేం నోరు తెరవక ముందే ఊరు మమ్మల్ని అడిగింది: ఎంత దొరికింది? తాళం పగలలేదు, మనుషులు ఊళ్ళో లేరు, తిరిగొచ్చారు, గొయ్యి ఉంది. కోతకు పోయినట్టు పోయి ఎవరినో పెట్టి తీయించుకున్నారని కథ కట్టేశారు. దానికి తోడు ఆ యేడు కోత డబ్బుల్లోంచి అమ్మ కమ్మలు చేయించుకుంది. ఏళ్ళ తరబడి అనుకుంటున్న కమ్మలు. బోరింగు దగ్గర మా పక్కింటి పిన్నమ్మ అమ్మ చెవుల వైపు చూసి, బిందె ఎత్తుకుంటూ అన్నది.

"మిరక్కాయలు కోస్తే కమ్మలు కాస్తాయని నాకు తెల్దు అక్కా. తెలిసింటే నేనూ వచ్చేదాన్ని."

అమ్మ ఆ రోజే కమ్మలు తీసేసి చీపురుపుల్లలు పెట్టుకుంది. అది ఇంకా తప్పయింది. చూడు, దాచేసింది అన్నారు.

కూలికి పిలవడం మానేశారు. మీకేం తల్లీ, మీరు కూలికొస్తే మాకు పాపం తగులుద్ది అని నవ్వుతూనే అనేవాళ్ళు. నవ్వుతూ అంటే ఏమని తిట్టాలి? ఆదివారం ప్రార్థన అయ్యాక పాస్టరయ్య నాయనను పక్కకు పిలిచాడు. మంచాయన, మా కష్టాల్లో ఎన్నోసార్లు బియ్యం పంపినాయన. చర్చి రేకులు కారుతున్న సంగతి ఎత్తి, దేవుడు ఇచ్చిన దాంట్లో దేవుడి దశమ భాగం మరిచిపోకూడదు అని మెల్లగా అన్నాడు. నాయన, నాకేం ఇయ్యలేదయ్యా అన్నాడు. పాస్టరయ్య నాయన భుజం మీద చెయ్యి వేసి, ప్రభువుకు అన్నీ తెలుసు అన్నాడు. ఆ వారం నుంచి నాయన ప్రార్థనకు పోయినా చివరి చాప మీద కూర్చునేవాడు.

పోలీసు స్టేషన్‌కు మేమే పోయాం. అక్కడున్నాయన కూడా వీడియో చూశాడట. మీ ఇంట్లో ఏం పోయింది అని అడిగాడు. ఏం పోలేదు సార్ అన్నాం. పోకపోతే కంప్లయింటు ఏంది, వచ్చిందా అయితే అని నవ్వాడు. మళ్ళీ పిలుస్తానని పంపించాడు. రెండుసార్లు పిలిచి పొద్దంతా బెంచీ మీద కూర్చోబెట్టాడు. కొట్టలేదు, తిట్టలేదు. నాయన మాత్రం రెండోసారి వచ్చాక అన్నం మధ్యలో లేచిపోయాడు.

అప్పుడు పెద్దదొర కొడుకు, చిన్నదొర వచ్చాడు. హైదరాబాదు నుంచి కారులో, భార్యతో, ఇంకా ఒక ఇంజనీరుతో. ఆ ఇంజనీరు పని ఇళ్ళకు విలువ కట్టడమట. వీడియో చూసి వాళ్ళకూ నలుగురూ ఫోన్లు చేశారట, మీ ఊరి ప్యాలెస్ ఇంత ఖరీదట కదా అని. దానికితోడు మార్కాపురం జిల్లా అవుతుందన్న మాట వచ్చిన కాడినుంచి మా వైపు ఎందుకూ పనికిరాని బీడుకి కూడా రేటు వచ్చింది. దివాణం ఎంత చేస్తుందో తేల్చుకుందామని వచ్చారు.

చిన్నదొర చెడ్డవాడని నేను అనను. కారు దిగగానే నాయనను పలకరించాడు. వేపచెట్టు కింద నిలబడి, నన్ను ఇక్కడ భుజాల మీద ఎక్కించుకుని తిప్పేవాడివి గుర్తుందా అన్నాడు. గొయ్యి చూసి, అయ్యో, మీరంతా ఎక్కడ పడుకుంటున్నారు అని అడిగాడు. ఆయన భార్య గొయ్యిలోకి వంగి చూసింది, తర్వాత తాళం చూసింది, తర్వాత నన్ను చూసింది.

ఇంజనీరు చేతిలో ఎర్రలైటు పడే చిన్న మిషను ఉంది. గోడకు పెడితే పొడుగు చెప్పేస్తుంది. బూట్లతోనే నడవ దాటి లోపలికీ బయటికీ తిరిగాడు. లోపల ఎన్ని గదులున్నాయి పెద్దాయనా అని నాయనను అడిగితే, తెల్దు సార్ అన్నాడు నాయన. ఎన్నేళ్ళ నుంచి ఇక్కడున్నావు అంటే పుట్టినప్పటి నుంచి అన్నాడు. ఇంజనీరు నవ్వులాట అనుకున్నాడు. నవ్వులాట కాదు. మా వాళ్ళు ఆ ఇంటి నడవ గడప దాటరు. ఎవరూ వద్దనక్కర్లేదు. వాకిలి ఊడవడం, చెట్లకు నీళ్ళు పొయ్యడం, పాతరలో దిగడం, అన్నీ గడపకు ఇవతలే. లోపల ఎవరూ లేకపోయినా, ఇన్నేళ్ళూ తాళంచెవి నాయన మొలతాడుకే ఉన్నా, తలుపు తీసి బయటి నుంచే చూసి మళ్ళీ వేసేవాడు. నేను చిన్నప్పుడు ఒకసారి లోపలికి దూరితే, బయట నిలబడి పిలిచాడే కానీ నన్ను పట్టుకోవడానికి కూడా రాలేదు.

నాకు నోరు ఊరుకోదు కదా. ఇంజనీరు వెంట తిరుగుతూ, సార్, వందల కోట్లు ఉంటుందా అని అడిగాను. ఆయన మిషను జేబులో పెట్టుకుని, బిల్డింగ్‌కి ఏం లేదమ్మా, దాని ఏజ్ అయిపోయింది అన్నాడు. టేకు దూలాలు, తలుపులు, రాతి స్తంభాలు అమ్ముడుపోతాయి, మిగతాది స్థలం, అంతే అన్నాడు. మరి చరిత్రకు సార్ అన్నాను. దానికి మేం రేటు కట్టం అన్నాడు. పాపం, ఎగతాళిగా అనలేదు, నిజంగానే చెప్పాడు.

వాళ్ళు ముగ్గురూ చెట్టు కింద చాలాసేపు మాట్లాడుకున్నారు. తర్వాత చిన్నదొర నడవలోకి పోయి, లోపలి నుంచి నాయనను పిలిచాడు. నాయన గడప దాకా పోయి ఆగాడు.

"నాకు నీ మీద ఏ అనుమానమూ లేదు," అన్నాడు చిన్నదొర. "ఇంట్లోవాళ్ళ కోసం అడుగుతున్నా. లోపలికి రా. దేవుడి గదిలో మా పెద్దల పటం ముందు ఒక్క మాట చెప్పు, నాకేం దొరకలేదని. అంతటితో అయిపోతుంది. నువ్వు ఈడనే ఉండొచ్చు, స్థలం అమ్మినా నీకొక మూల ఇప్పిస్తా."

అంతకంటే ఏం కావాలి మాకు? నాలుగు అడుగులు వేసి ఒక మాట చెప్పాలి, అదీ నిజమైన మాట. నేను వెనక నిలబడి ఉన్నాను. నాయన మడమలు కనపడుతున్నాయి, పగుళ్ళలో ఇంకా ఆ గొయ్యి మట్టి ఉంది. కుడికాలు కొంచెం లేచింది. మళ్ళీ దిగింది.

"ఈడ నుంచే చెప్తా దొరా," అన్నాడు. "బైబిలు తెమ్మంటే తెచ్చి దాని మీద చెప్తా."

"లోపలికి రమ్మంటున్నాను కదా."

నాయన గడప వైపు చూస్తూ నిలబడ్డాడు. నేను, పో నాయనా అన్నాను. వీపు మీద చెయ్యి పెట్టి తోశాను కూడా. గోడను తోసినట్టు ఉంది. ఆయన ముఖానికి చెమట పోస్తోంది. ఎవరు చూసినా తప్పు చేసినవాడి వాలకమే అది.

అప్పుడు చిన్నదొర భార్య అన్న మాట మెత్తగానే అన్నది. "తప్పు లేని మనిషికి గడప దాటడానికి భయమేంటండీ? చూస్తూనే ఉన్నారుగా."

చిన్నదొర కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. నాయన ముఖం వైపు చూడలేదు. కేసు పెట్టనన్నాడు. మా నాన్నగారి కాలం నుంచి ఉన్నావు కాబట్టి పెట్టను అన్నాడు. నెలాఖరుకు ఖాళీ చెయ్యమన్నాడు. నాయన, అట్లనే దొరా అని దండం పెట్టాడు. నేను అరవాలనుకున్నాను. ఆయన మీ గడపకు మర్యాద ఇచ్చాడు, దొంగతనానికి భయపడలేదు అని చెప్పాలనుకున్నాను. మాటలు సరిగ్గా కుదిరేలోపు కారు రోడ్డెక్కేసింది. ఈ మాటలు కూడా నాకు తర్వాత ఎప్పుడో కుదిరాయి.

కారు పోయాక అడిగాను, ఎందుకు పోలేదు నాయనా అని. ఏడుస్తూ అడిగాను, కొంచెం తిట్టినట్టే అడిగాను.

"కాలు లెయ్యలేమ్మా," అన్నాడు. అంతే.

మేం సామాను కట్టుకున్న రెండు వారాలకే జేసీబీ వచ్చింది. ముందు దూలాలు దించారు. నలుగురు పట్టినా కదలని దూలాలు, లారీలో వేసుకుని ఎవరో పెద్దవాళ్ళ రిసార్టుకని తీసుకుపోయారు. స్తంభాలకు చాపలు చుట్టి మరీ తీసుకుపోయారు. మేం ఊళ్ళోనే మా మేనత్త ఇంటి అరుగు మీద ఉన్నాం అప్పటికి, అన్నీ కళ్ళముందే జరిగాయి. గోడలు పడటానికి చాలా టైము పట్టింది. సున్నంలో బెల్లం కలిపారన్నది నిజమేనేమో అనుకున్నాను. నాయన చూడటానికి రాలేదు.

వాకిలి చదును చేసేటప్పుడు మిగతా పాతర్లు బయటపడ్డాయి. ఆ రోజు ఊరు ఊరంతా పనులు మానుకుని వచ్చింది. పిల్లలు గోడల మీద, ఆడవాళ్ళు చీరకొంగులు ముక్కులకు పెట్టుకుని. జేసీబీ పన్ను తగిలి బండ లేస్తే ఒక్కసారిగా అందరూ ముందుకు తోసుకున్నారు. లోపల ఏముంది? ఒకదాంట్లో చెత్త, ఒకదాంట్లో పాము కుబుసం, అన్నింట్లో అదే నల్లపొడి. నాకు లోపల ఎంత నెమ్మదిగా అనిపించిందో చెప్పలేను. చూసినారు కదా, అందరూ కళ్ళారా చూసినారు కదా, ఇంక అయిపోయింది అనుకున్నాను. మేనత్త ఇంటికి పరుగెత్తుకుంటూ పోయి నాయనకు చెప్పాను. ఆయన కూడా లేచి నిలబడ్డాడు.

సాయంత్రానికి మాట తిరిగొచ్చింది. అన్నీ ఖాళీ అంటే, ఉన్నదంతా ఆ ఒక్కదాంట్లోనే ఉండాలి. వీళ్ళ గది కింద దాంట్లో. మేనత్త మొగుడు కూడా ఏదో అడగబోయి ఆగాడు. మర్నాడే మార్కాపురం వచ్చేశాం.

ఇక్కడ పలకల గోడౌన్ల వెనక ఒక గది తీసుకున్నాం. అమ్మ పలకలకు చెక్క ఫ్రేములు బిగించే చోట పనికి పోతుంది, గోళ్ళనిండా బూడిదరంగు దుమ్ము. నేను చీరల షాపులో చేరాను. నాయనకు ఒక గోడౌన్‌లో రాత్రి కాపలా ఇప్పిస్తామన్నారు. ఒప్పుకున్నాక, ఓనరు కొడుకు నాయన ముఖం వైపు చూసి, ఎక్కడో చూశానే అని ఫోన్ తీశాడట. పాతర తాత కదా అని నవ్వి, మీలాంటి వాళ్ళను కాపలా పెడితే మాకు గోడౌన్ కింద కూడా ఏమన్నా మిగుల్తదా అన్నాడట. సరదాకే అన్నాడేమో. పని మాత్రం వేరేవాళ్ళకు ఇచ్చారు.

ఆ వీడియో ఇంకా ఉంది. షాపులో పిల్లలు ఒకరోజు చూస్తుంటే నేను వెనక నుంచి చూశాను. మా వాకిలి, మా వేపచెట్టు, తెల్లచొక్కాలో నాయన. ఇప్పుడు అక్కడ రంగులు పూసిన రాళ్ళు పాతి ప్లాట్లు అమ్ముతున్నారు, బోర్డు మీద ప్యాలెస్ బొమ్మ కూడా వేశారు. కట్టినవాళ్ళు వేరే, ఏలినవాళ్ళు వేరే, అమ్ముకున్నవాళ్ళు వేరే. ఆ ఇంటి విలువ మాత్రం మా మెడకు చుట్టుకుంది, ఏ ఊరు పోయినా మాతోపాటే వస్తుంది. షాపులో పిల్లలకు ఆయన మా నాయన అని చెప్పలేదు. చెప్పుంటే ఇంకెవరన్నా అడిగేవాళ్ళు.

నాయన ఇప్పుడు గదిలోనే ఉంటాడు. నా ఫోన్ అడగడు. ఎవరన్నా తలుపు దగ్గరికి వస్తే లోపలికి పోవాలని లేస్తాడు, మాది ఒకటే గది కాబట్టి గోడ వైపు తిరిగి పడుకుంటాడు. అమ్మకు పలకల దుమ్ముకి దగ్గు పట్టుకుంది. మొన్న ఆదివారం మధ్యాహ్నం నేను చారుకు ఉల్లిపాయలు కోస్తున్నాను. అద్దె అడగడానికి వచ్చిన ఇల్లుగలామె అప్పుడే నాలుగు మాటలు అని పోయింది. అమ్మ దగ్గి దగ్గి, గోడకు ఆనుకుని, నాయన వీపు వైపు చాలాసేపు చూసింది. ఆమె గొంతులో కోపం లేదు. ఎప్పుడో అడగాల్సింది, మరిచిపోయి ఇప్పుడు అడిగినట్టు అడిగింది.

"నాకు చెప్పు. ఎవురికీ చెప్పను. నువ్వు పైకి రాకముందు, ఆ గుంతలో నీకేమన్నా అగపడిందా?"

గుప్పెడు జొన్నపొడి చేతిలోకి తీసుకుని వాసన చూసిందే ఆమె. నేను ఆమెను తిట్టాలి కదా. నోరు ఊరుకోని దాన్ని నేను, ఏంది మా నువ్వు కూడా అనాలి కదా. అనలేదు. కత్తిపీట మీద నా చెయ్యి ఆగిపోయి ఉంది. నేనూ వింటున్నాను, ఆయన ఏం చెప్తాడో అని.